శనివారం పిల్లలు

ఆ ఆదివారం మధ్యాహ్నం క్లాసుకు పోతూ రెజిమెంటల్ బజార్‌లో ఒక పెద్ద బన్ను కొన్నాను. ఏటా ఈ పాఠం రోజున కొంటాను. మా చర్చిలో తెలుగు పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పే పని పదిహేనేళ్ళుగా నాదే. తొమ్మిది, పదేళ్ళ పిల్లల్ని మొదటి సత్ప్రసాదానికి సిద్ధం చేయాలి. పూజలో ఫాదర్‌గారు ఆశీర్వదించి నాలుక మీద పెట్టే పల్చటి తెల్లని అప్పాన్ని మేం సత్ప్రసాదం అంటాం. అది మొదటిసారి అందుకునే రోజు క్యాథలిక్కుల ఇళ్ళలో పెళ్ళంత పండుగ. ఆడపిల్లలకు తెల్ల గౌన్లు, తల మీద ముసుగు. మగపిల్లలకు తెల్ల చొక్కాలు. అందరి చేతుల్లో కొవ్వొత్తులు.

ఆ ఏడు నా దగ్గర తొమ్మిది మంది ఉన్నారు. బన్సీలాల్‌పేట్ నుంచి కొందరు, స్టేషన్ వెనక గల్లీల నుంచి కొందరు. అమ్మలు ఇళ్ళలో పనికి పోతారు. నాన్నలు ఆటోలు నడుపుతారు, లేదంటే మూటలు మోస్తారు. చర్చి హాలు వెనక వరండాలో జంపఖానా పరిచి వాళ్ళను కూర్చోబెట్టి, బన్ను తుంచి తలా ఒక ముక్క ఇచ్చాను.

"చూశారా, రొట్టె ఒక్కటే. తిన్నవాళ్ళం ఎంతమందిమైనా మనమూ ఒక్కటే," అన్నాను. ఈ మాట ఎంతమంది పిల్లలకు చెప్పానో. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

ముందు కూర్చున్న ఒక పిల్ల ముక్క తినకుండా చెయ్యెత్తింది. చర్చి ఆవరణలోనే మా వాళ్ళ కాన్వెంటు స్కూలు ఉంది. అందులో ఊడ్చి తుడిచే ఆయమ్మ కూతురు ఆ పిల్ల. తను మాత్రం చదివేది సర్కారు బడిలో.

"టీచర్, ఇంగ్లీష్ పిల్లలది సుత గిదే రొట్టెనా?"

"ఇదే."

"మరి గాల్లకు ఆదివారం, మాకు శనివారం ఎందుకు?"

మా చర్చిలో ఏర్పాటు అలా ఉంది. కాన్వెంటు పిల్లలకు మొదటి సత్ప్రసాదం ఆదివారం ఎనిమిదిన్నర ఇంగ్లీషు పూజలో. బిషప్‌గారు వస్తారు, పాటల బృందం ఉంటుంది, ఫొటోలు తీస్తారు, తర్వాత స్కూలు హాల్లో టిఫిన్లు పెడతారు. మా తెలుగు పిల్లలకు ముందు రోజు, శనివారం పొద్దున ఆరు గంటలకు. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఏడు కొట్టేసరికి పిల్లలు ఇళ్ళకు, తల్లులు పనులకు.

"భాష కోసమమ్మా. ఆ పూజ ఇంగ్లీషులో ఉంటుంది కదా," అన్నాను.

"నాలిక చాపనీకి ఇంగ్లీష్ ఎందుకు టీచర్?"

మిగతా పిల్లలు ఘొల్లున నవ్వారు. నేను నవ్వలేదు. "ఎక్కువ మాట్లాడకు. ముందు ముక్క తిను," అని గదమాయించాను. ఆ పిల్ల తలవంచుకుని తిన్నది.

ఇంటికి నడిచి వస్తుంటే దారి పొడుగునా ఒళ్ళు మండింది. మొదట ఆ పిల్ల మీదే మండింది, దాచుకోవడం దేనికి. ఇంత లేదు, ఎంత మాటంది అనుకున్నాను. మోండా మార్కెట్ దాటేసరికి ఆ మంట నా మీదికి తిరిగింది. శనివారం పిల్లల పేర్ల పట్టిక ఏటా రాసేది ఎవరు? నేనే. మంచి కాగితం తీసుకుని, స్కేలు పెట్టి గీతలు గీసి, గుండ్రటి అక్షరాలతో రాసి ఆఫీసులో ఇచ్చేదాన్ని. ఆ కాగితం ఏం చేస్తున్నదో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ముప్పై ఏళ్ళు ఆ కాన్వెంటులోనే తెలుగు చెప్పి రిటైరైన మనిషిని. చదువు చెప్పానని చెప్పుకుంటాను. తొమ్మిదేళ్ళ పిల్లకు కనబడింది నాకు కనబడలేదు.

కనబడకపోవడం కూడా నేర్చుకున్నదే. మా నాన్న రైల్వేలో ఫిట్టరు. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడు. నా చిన్నప్పుడు చర్చిలో ముందు బెంచీలకు ఇత్తడి రేకులు ఉండేవి, వాటి మీద పెద్ద కుటుంబాల పేర్లు చెక్కి ఉండేవి. ఆ కుటుంబాలు రాకపోయినా ఆ బెంచీల్లో ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. మేం వెనక నేల మీద కూర్చునేవాళ్ళం. ఒకసారి నేను ముందు ఖాళీగా ఉంది కదా అని పోబోతే, నాన్న నా జడ పట్టుకుని ఆపి, "మనకు నేలనే సల్లగ ఉంటది బిడ్డా," అన్నాడు. నవ్వుతూ అన్నాడు. నేనూ నవ్వాను. ఇన్నేళ్ళు దాన్ని నాన్న మంచితనం అనుకున్నాను. నేలే చల్లగా ఉంటుందని నేను కూడా పదిహేనేళ్ళు పిల్లలకు నేర్పుతూ వచ్చాను, కాకపోతే బైబిలు వాక్యాలు జోడించి.

మర్నాడు పొద్దున్నే ఫాదర్‌గారి ఆఫీసుకు వెళ్ళాను. చిన్న వయసు. గుంటూరు వైపు మనిషి. మాట మెత్తన, మర్యాద ఎక్కువ. అప్పుడే ఏదో శిక్షణకు వెళ్ళి వచ్చారు. స్కూలు గేటుకు కొత్త ఫ్లెక్సీ కట్టించారు: ట్రాన్స్‌ఫర్మేటివ్ లెర్నింగ్ అని ఇంగ్లీషులో పెద్దక్షరాలు, కింద మార్పు తెచ్చే చదువు అని తెలుగులో చిన్నక్షరాలు. ఆ కింద కంప్యూటరు ముందు నవ్వుతున్న పిల్లలు.

"ఫాదర్, ఈసారి పిల్లలందరికీ ఒకే పూజలో ఇద్దాం," అన్నాను.

"కూర్చోండి టీచర్‌గారూ. కాఫీ తాగుతారా? మంచి ఆలోచనేనండి. కానీ చూడండి, ప్లేస్ ప్రాబ్లం. ఆదివారం బంధువులంతా వస్తారు."

"తొమ్మిది మంది పిల్లలు ఫాదర్. రెండు బెంచీలు చాలు."

ఆయన పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టారు. "అది కాదండి. మీ పిల్లలే ఇబ్బంది పడతారు. ఆ డ్రెస్సులు, ఆ కార్లు, ఆ వాతావరణం చూసి బెదురుతారు. వాళ్ళ మంచికే చెబుతున్నాను."

"మీ పిల్లలు అంటున్నారు. వాళ్ళు మీ పిల్లలు కారా ఫాదర్?"

"అయ్యో, అలా తీసుకుంటారేంటండీ," అని నవ్వి, చర్చి కమిటీలో పెడతానన్నారు.

కమిటీ ఆ గురువారం సాయంత్రం కూర్చుంది. కాన్వెంటు పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పే ఆవిడ కూడా వచ్చింది. నాకు ఇరవై ఏళ్ళ స్నేహితురాలు. మా ఆయన పోయినప్పుడు వారం రోజులు నాకు అన్నం తెచ్చి పెట్టిన మనిషి. ఆమె నా పక్షాన మాట్లాడుతుందనుకున్నాను.

"సెంటిమెంటల్‌గా ఆలోచించొద్దు," అన్నది ఆమె. "మా పేరెంట్స్ ఆర్నెల్ల నుంచి ప్లాన్ చేసుకున్నారు. ప్రాక్టీస్ అంతా అయిపోయింది. మధ్యలో కొత్త పిల్లల్ని తెస్తే లైన్ డిస్టర్బ్ అవుతుంది. పైగా కంపేరిజన్ వచ్చి బాధపడేది వాళ్ళే కదా."

అందరికీ ఆ తొమ్మిది మంది బాధ మీద ఎంత దయో! వాళ్ళను ఎండలో నిలబెట్టి, నీడ మీ ఒంటికి పడదని చెప్పినట్టుంది. నేను లేచి, "పిల్లలు బాధపడతారని పిల్లల్ని దాచేస్తున్నామా? బాధపెట్టేదాన్ని తీసేయొచ్చు కదా," అన్నాను. కంటోన్మెంటులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు, "డిసిప్లిన్ కూడా చూడాలె కదమ్మా," అన్నారు. చివరికి వచ్చే ఏడు చూద్దాం అని రాసుకుని, సమోసాలు తిని లేచారు.

ఆ ఆదివారం తల్లుల్ని వరండాలో కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పాను. వాళ్ళు మండిపడతారని నా ఊహ. ఎవరూ మండిపడలేదు. మారేడ్‌పల్లిలో వంట చేసే ఒకామె మొహమాటంగా అన్నది:

"మాకు శనివారం పొద్దుగాలనే నయం టీచర్. ఆదివారం అయితే ఆ ఇంట్లో సుట్టాలొస్తరు, సెలవియ్యరు. ఉన్నకాడికి కానియ్యండి."

నా కోపానికి వాళ్ళ ఇంటి గడియారం తెలియదు. ఎవరి తరఫున పోట్లాడుతున్నానో వాళ్ళను ముందు అడగాలన్న ఇంగితం కూడా నాకు లేకపోయింది. కమిటీకి, నాకు అక్కడ తేడా ఏముంది?

అప్పుడు ఆయమ్మ మాట్లాడింది. అంతవరకు స్తంభానికి ఆనుకుని నిలబడే ఉంది.

"టీచర్, నేను ఇంగ్లీష్ పిల్లలు కూసునే ఏసీ రూము తుడుస్త. నా బిడ్డ నాతోని వస్తది, బయట కిటికీ కాడ నిలవడ్తది. గాల్లకు టీచరమ్మ చెప్పే జపాలన్నీ దానికి వొచ్చు. ఇంగ్లీష్‌ల సుత వొచ్చు. నాకు నౌకరి పోతదని భయం ఉంది. లేదనను. కానీ అది అడిగిన దానికి మీకాడ జవాబు లేకపాయె, ఫాదర్ కాడ లేకపాయె. ఇగ నేనేం చెప్పాలె దానికి?"

చివరికి వాళ్ళలో వాళ్ళే ఒక మాటనుకున్నారు. శనివారం వీలైనవాళ్ళు శనివారం తీసుకుంటారు. మిగతావాళ్ళు పిల్లల్ని ఆదివారం ఎనిమిదిన్నర పూజకు తీసుకొస్తారు. ఎవరినీ బలవంతపెట్టొద్దు. ముగ్గురు శనివారం అన్నారు. ఆరుగురు ఆదివారం అన్నారు. నేను చెప్పింది కాదు ఇది, వాళ్ళు తేల్చింది.

చాటుగా చేయడం నాకు ఇష్టం లేదు. వెళ్ళి ఫాదర్‌గారికి ముందే చెప్పాను. ఆయన మెత్తదనం మొదటిసారి పోయింది.

"ఏంటి టీచర్‌గారూ ఇది? ఇది చర్చి అండీ, ధర్నా చౌక్ కాదు."

"ధర్నా ఏముంది ఫాదర్? మీ దగ్గరే పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేశారు, జపాలు వచ్చు, జ్ఞానస్నానం మీ రిజిస్టర్లోనే ఉంది. చర్చికి వస్తామంటున్నారు. చర్చికి రావద్దని మీరు చెప్తారా? చెప్తే రాసివ్వండి."

ఆయన రాసివ్వలేదు.

పండుగ ఆదివారం నేను అరగంట ముందే వెళ్ళాను. ఆరుగురు పిల్లలు తల్లులతో వచ్చారు. ఒక పిల్లవాడిది అన్న చొక్కా, చేతులు మడిచి కుట్టారు. ఆయమ్మ కూతురి గౌను కొత్తదే. ముసుగు మాత్రం కర్టెన్ గుడ్డతో కుట్టిందని తర్వాత చెప్పింది, దగ్గరికెళ్తే గానీ తెలియదు. ద్వారం దగ్గర బ్యాడ్జీ పెట్టుకున్న ఒకాయన వాళ్ళను చూసి, "పైన గ్యాలరీలో కూర్చోండి," అన్నాడు. ఆయమ్మ, "ఈన్నే కూసుంటం సార్," అని పక్క వరుసలో నాలుగో బెంచీలో కూర్చుంది. నేను వాళ్ళ వెనక కూర్చున్నాను.

పూజంతా నాకు ఏమీ వినపడలేదు. సత్ప్రసాదం వేళకు కాన్వెంటు పిల్లలు జంటలుగా లేచి బిషప్‌గారి ముందుకు కదిలారు. వరుస చివరికి వచ్చేసరికి మా ఆరుగురూ లేచి వెనక నిలబడ్డారు. నా స్నేహితురాలు పరుగున వచ్చి చెయ్యి అడ్డం పెట్టి, "తర్వాత, తర్వాత," అన్నది గొంతు తగ్గించి. ఆయమ్మ కూతురు ఆగింది. వెనక్కి చూసింది. తల్లి బెంచీలోంచే, "నడువు," అన్నది. ఆ చెయ్యి కొంచెంసేపు గాల్లోనే ఉంది. తర్వాత దిగింది. ఎందుకు దించావని నేను ఇప్పటిదాకా ఆమెను అడగలేదు.

బిషప్‌గారికి సంగతేమీ తెలియదు. అందరిలాగే వీళ్ళకూ, "క్రీస్తు శరీరం," అని ఇంగ్లీషులో అన్నారు. ఆమెన్ అని వీళ్ళు నాలుక చాపారు. ఆరుగురు. ఒకటిన్నర నిమిషం పట్టి ఉంటుంది. చర్చి కూలిపోలేదు, వరుస చెదరలేదు, ఏ బంధువుకూ చోటు తక్కువ కాలేదు.

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ముందెన్నడూ లేనంత కోపం వచ్చింది. ఇంతేనా? ఇంత సులువైన దానికా ఇన్నేళ్ళు శనివారాలు? ఇంత చిన్న పని చేయకుండా ఉండడానికి ఎన్ని మీటింగులు, ఎన్ని ఇంగ్లీషు మాటలు, ఎన్ని పేర్ల పట్టికలు! నా దగ్గర చదివి శనివారం పొద్దున్నే వచ్చి పోయిన పిల్లలు ఇప్పుడు పెళ్ళిళ్ళై పిల్లల తల్లులయ్యారు. వాళ్ళకు ఎవరు మళ్ళీ ఆ రోజు తెచ్చిస్తారు?

పూజ అయ్యాక మెట్ల మీద ఫొటో. ఫొటోగ్రాఫర్ చేతిలో పేర్ల కాగితం ఉంది. "లిస్టుల లేనోళ్ళు జెర పక్కకు రండి," అన్నాడు. అతని తప్పేమీ లేదు. ఆరుగురు పక్కకు వచ్చారు. అది చూసి నేను ముందుకు పోబోతుంటే స్కూలు హాలు తలుపు దగ్గర నుంచి ఒక సిస్టర్‌గారు ఆయమ్మను పిలిచారు.

"ఇక్కడున్నావా? లోపల ప్లేట్లు తీసేవాళ్ళు లేరు. తొందరగా రా."

పక్కనే తెల్ల గౌనులో కూతురు నిలబడి ఉంది. ఆ సిస్టర్‌గారు చెడ్డ మనిషి కారు. ఆమెకు ఆ పిల్ల కనపడలేదు, అంతే. ఎదురుగా ఉన్న పిల్ల కనపడలేదు.

ఆయమ్మ చీర కొంగు సర్దుకుంది. "ఇయ్యాల నేను డ్యూటీల లేను సిస్టర్. నా బిడ్డ పండుగ," అన్నది. గొంతు పెంచలేదు. కూతురి చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిచింది. మేమంతా వెనకే నడిచాం. స్టేషన్ ఎదుట బండి దగ్గర అందరం ఇడ్లీలు తిన్నాం. గౌను మీద చట్నీ పడుతుందని ఆ పిల్ల మెడ చాచి, నడుం వంచి తిన్నది. కోడిపిల్లలా ఉన్నావని నేనంటే, తల్లి ఆ రోజు మొదటిసారి నవ్వింది.

నెల తిరక్కుండానే ఫాదర్‌గారు ఫోను చేశారు. ఇన్నేళ్ళు సేవ చేశారు, ఇక విశ్రాంతి తీసుకోండి, ఒక ఆదివారం పూజ తర్వాత శాలువా కప్పి సన్మానం చేస్తాం అన్నారు. మన దగ్గర మనిషిని పంపేయడానికి శాలువా కంటే మర్యాదైన దారి లేదు. నేను వెళ్ళలేదు. శాలువా ఎవరితోనో ఇంటికి పంపించారు. తిప్పి పంపాను.

ఆయమ్మ నౌకరీ పోలేదు. కానీ స్కూలు తెరిచాక ఆమెను తరగతి గదుల నుంచి తీసేసి బాత్రూములకు మార్చారు. రొటేషన్ అన్నారు. ఆ రొటేషన్ ఏడాదంతా తిరగలేదు. "పోనీలే టీచర్, నాకేం కొత్తనా," అన్నది ఆమె. నేను మాత్రం పోనీ అనుకోలేదు.

తర్వాతి ఏడు అందరికీ ఒకే రోజు ఇచ్చారు. ఆదివారం ఎనిమిదిన్నరకే. నేను వెళ్ళి వెనక నిలబడి చూశాను. కాన్వెంటు పిల్లలు ముందు బెంచీల్లో, తెలుగు పిల్లలు వాళ్ళ వెనక బెంచీల్లో. ముందువాళ్ళు అందుకున్నాక వెనకవాళ్ళు. ఇక్కడిదాకా వచ్చారని ఒప్పుకుంటాను, శనివారం కంటే నయమే. కానీ నయమైనదాన్ని న్యాయం అని పేరు పెట్టి చేతికిస్తే నేను తీసుకోను.

ఇంకా కొన్ని వారాలకు స్కూలు పత్రిక వచ్చింది. మధ్య పేజీలో ఆ రోజు ఫొటో. పక్కన ఫాదర్‌గారి వ్యాసం. మా విద్యాలయంలో విశ్వాసమూ చదువూ కలిసి హృదయాలను ఎలా మారుస్తున్నాయో చెప్పడానికి ఆ ఒక్క పూజను ఉదాహరణగా రాశారు. మార్పు యాజమాన్యం ముందుచూపు వల్ల వచ్చిందని రాశారు. శనివారాల సంగతి లేదు. కిటికీ దగ్గర నిలబడి జపాలు నేర్చుకున్న పిల్ల లేదు. డ్యూటీలో లేనని చెప్పిన తల్లి లేదు. ఆ వ్యాసం చదువుతుంటే, పాఠం చెప్పినవాళ్ళను బడి బయట నిలబెట్టి, నేర్చుకున్నవాళ్ళు బహుమతి అందుకున్నట్టు అనిపించింది.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు కొంతమంది పిల్లలు పాఠానికి మా ఇంటికి వస్తున్నారు. ఆయమ్మ కూతురు వస్తుంది. కాన్వెంటు పిల్లలు ఇద్దరు కూడా వస్తున్నారు, వాళ్ళ అమ్మానాన్నలకు చెప్పే వస్తున్నారు. సర్టిఫికెట్లు లేవు. వాళ్ళు అడిగినదానికి నాకు జవాబు తెలియకపోతే తెలియదనే అంటున్నాను. ఈ వయసులో ఆ ఒక్క మాట నేర్చుకోవడానికి నాకు చాలా కష్టమైంది.

పత్రికలో తప్పు దిద్దమని సంపాదకులకు ఉత్తరం రాశాను. జరిగింది జరిగినట్టు, ఆయమ్మను అడిగి, ఆమె సరే అన్నాకే రాశాను. జవాబు రాలేదు. రెండో ఉత్తరం రాశాను. దానికీ రాలేదు. నిన్న మూడోది మొదలుపెట్టాను.